పద్నాలుగో పేజీ

తొమ్మిదో వారం

పోయిన వారం ఫిర్దౌస్‌ని గవర్నర్‌పేటలో ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. మధురిమ షుగర్స్‌లో చెరకు వ్యవహారాలు చూసే కేన్ ఆఫీసరు వెంకటసుబ్బారావుగారు కాగితాల కట్ట బల్ల మీద పడేసి, "నాకు ఒక్క పేరు కావాలి. రేపు పదకొండింటికి వస్తాను" అని జీపెక్కి వెళ్లిపోయారు. ఆ పేరు ఫిర్దౌస్‌కి తెలుసు. గరికమూడి కేంద్రంలో పనిచేసే టెంపరరీ ఉద్యోగి బాలశౌరి. చెబితే అతని ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మూడేళ్లుగా ఆమె కూడగట్టుకొచ్చిన వికీకి తాళం పడుతుంది. ఏది పోవాలో తేల్చుకోవడానికి ఆమెకు దొరికింది ఒక్క రాత్రి. ఇలాంటి చోట కథానాయికలు తెల్లవార్లూ దొర్లాలి. ఫిర్దౌస్ మాత్రం హాయిగా నిద్రపోయింది. తప్పు తనది కాదనుకునేవాళ్లకు నిద్ర బాగానే పడుతుంది.

పొద్దున్నే కొండపల్లిలో బస్సుకు బయల్దేరుతుంటే తండ్రి మీరావలి చెప్పులేసుకుని సెంటరు దాకా తోడొచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లు బాయిలరు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఏ సంగతి చెప్పినా వాల్వుల మీదుగానే అర్థం చేసుకుంటాడు.

"మా దగ్గర ఎవడన్నా వాల్వు తప్పు తిప్పితే ముందు వాల్వు సరిచేసేవాళ్లం. ఎవడు తిప్పాడనేది టీ తాగేప్పుడు మాట్లాడుకునేవాళ్లం. మీరు సరిచేశారా?"

"సోమవారమే సరిచేశాం నాన్నా. ఇప్పుడు వాళ్లకి వాల్వు కాదు, మనిషి కావాలంట."

"అయితే జాగ్రత్తమ్మా. మనిషి పేరు నోట్లోంచి వచ్చాక మళ్లీ లోపలికి పోదు," అన్నాడు మీరావలి. అంతలో బస్సొచ్చింది.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ల కోసం గొడవేమిటో ఓ ముక్క చెప్పుకోవాలి. రామతులసిగారి తులసి సాఫ్ట్‌వేర్ పంచదార ఫ్యాక్టరీలకు ప్రోగ్రాములు రాస్తుంది. వాటిని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాయడం ఫిర్దౌస్ పని. మొదట్లో అది నిజంగా పుస్తకమే. నీలం అట్ట, స్పైరల్ బైండింగు. ప్రోగ్రాములో నెలకో గడి మారేది, పుస్తకంలో మాత్రం సంవత్సరం తిరిగినా పాతదే ఉండేది. కేంద్రాల్లో ఉద్యోగులు ఆ పుస్తకాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేవారు. 2004లో ఫిర్దౌస్ ఆ నీలం అట్టకు దణ్ణం పెట్టి పుస్తకాన్ని వికీలోకి మార్చింది. వికీ అంటే కంప్యూటర్లో ఉండే పుస్తకం. ప్రతి పేజీకీ 'మార్చు' అని ఓ మీట ఉంటుంది. చదివేవాడికి తప్పు కనిపిస్తే ఎవరినీ అడక్కుండా నొక్కి తనే దిద్దేయొచ్చు.

మధురిమ ఫ్యాక్టరీకి ఊళ్లలో రైతులకు ఆర్డర్లు తీసిచ్చే కేంద్రాలు తొమ్మిదున్నాయి. ఫిర్దౌస్ తనే వెళ్లి అందరికీ నేర్పింది. మొదట ఒక్కరూ మీట ముట్టుకోలేదు. "తప్పు రాస్తే ఏమవుద్దండీ?" అని అడిగినవాడు బాలశౌరే. "ఏమీ అవదు. ఇంకొకరు చూసి సరిచేస్తారు. భయపడకుండా రాయండి" అని అందరి ముందూ చెప్పింది. ఆ మాట నమ్మి రాయడం మొదలుపెట్టారు. ఎంట్రీ మధ్యలో కరెంటు పోతే ఏ గడి దాకా నిలుస్తుందో ప్రోగ్రాము రాసిన నానికే తెలియదు. అది గరికమూడిలో పెద్ద గుమాస్తా సంపూర్ణమ్మ రాసింది. ప్రింటరులో చెరకు ధూళి పడితే ఏ బ్రష్షుతో దులపాలో బాలశౌరి రాశాడు. పుస్తకానికి ప్రాణమొచ్చింది. ఎవరైనా "మీ పుస్తకం బాగుందమ్మా" అంటే, "నాది కాదండీ, మనందరిదీ" అని సరిదిద్దడం ఫిర్దౌస్‌కి ఓ సరదా.

ఇక పద్నాలుగో పేజీ. కటింగ్ ఆర్డరు ఎలా తీయాలో చెప్పే పేజీ అది. చెరకు రైతుకు కటింగ్ ఆర్డరు ముహూర్తం లాంటిది. తేదీ వేసిన ఆ కాగితం లేకుండా నరికితే ఫ్యాక్టరీ గేటు తీయరు, నరక్కుండా ఉంచితే చెరకు పొలంలోనే ఎండి బరువు తగ్గుతుంది. తెర మీద మొదటి గడిలో రైతు నంబరు కొట్టాలి. ఉదాహరణకు 99999 అని రాసింది ఫిర్దౌస్. అలాంటి నంబరు గల రైతు లేడు కాబట్టి యంత్రం ఒప్పుకునేది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్కడే ఆగిపోయి బాలశౌరికి ఫోన్లు చేసేవాళ్లు. పాపం, వాళ్ల తిప్పలు చూడలేక అతను ఆ వాక్యం తీసేసి "మొదటి గడిలో 1142 కొట్టండి" అని రాశాడు. 1142 నిజమైన నంబరు. గరికమూడి రైతు శౌరయ్యది. ఆయన కార్డు ఆ పూట బల్ల మీద ఉందంతే.

దాన్ని చూసి మామూలు మనిషైతే ఉదాహరణ అనుకుంటాడు. కానీ ఈ కేంద్రాల్లో పదేళ్లు నడిచిన కాగితం ఫారాల్లో మొదటి గడి ఫ్యాక్టరీ కోడుది. అందరికీ ఒకటే, ఎప్పుడూ ఒకటే. చెయ్యి దానంతటదే రాసేది, బుర్రతో పనిలేదు. ఇప్పుడు పుస్తకంలో 1142 కనిపించేసరికి 'ఓహో, కొత్త కోడు' అనుకుని నాలుగు రోజుల పాటు నిష్ఠగా అదే కొట్టారు. అరవై ఒక్క కటింగ్ ఆర్డర్లు శౌరయ్య పేర వచ్చాయి. శౌరయ్యకు ఉన్నది ఎకరంన్నర. అన్ని ఆర్డర్లకు సరిపడా చెరకు కావాలంటే ఆయన ఇంటి డాబా మీద కూడా వేయాలి. నవ్వులాటకు బాగానే ఉంది గానీ, ఆ కాగితాలు రావాల్సిన అరవై మందికి రాలేదు. సోమవారం తప్పు బయటపడి పేజీ దిద్దినా పోయిన తేదీలు వెనక్కి రావు. వాళ్ల వరస మళ్లీ మొదటినుంచి.

పదిన్నరకు ఫిర్దౌస్ ఆఫీసుకు చేరేసరికి రామతులసిగారు ఆమె కోసమే చూస్తున్నారు. ఉయ్యూరు దగ్గర చెరకు రైతుల ఇంట్లో పుట్టిన మనిషి. కంప్యూటర్ల కంపెనీ పెట్టినా మాటల్లో ఇంకా పొలం గట్టు వినిపిస్తుంది.

"చూడు ఫిర్దౌస్, ఆ అబ్బాయి మన ఉద్యోగి కాడు. వాళ్ల మనిషి, వాళ్లు చూసుకుంటారు. నువ్వు పేరు చెప్పి పక్కకు జరుగు."

"సాయం చేద్దామని రాశాడు మేడమ్. భయపడొద్దని నేనే చెప్పాను."

"మా అన్నయ్య చెరకు ఎండిపోతుంటే నేనూ పేరే అడిగేదాన్ని. సాయమా, ద్రోహమా అని ఆలోచించను," అన్నారు రామతులసిగారు. ఆ మాటలో అబద్ధం లేదు.

వెంకటసుబ్బారావుగారు చెప్పిన వేళకే వచ్చారు. నిన్నటి చొక్కాయే, గడ్డం గీసుకోలేదు. మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా మాట్లాడారు. అరిచే మనిషైతే ఎదురు తిరగడం సులువు. ఈయన అరవలేదు.

"నిన్నటినుంచి నా గేటు ముందు నలభై మంది కూర్చున్నారమ్మా. వాళ్లకి వికీ తెలీదు, గడి తెలీదు. తప్పు చేసినోడెవడు అంటున్నారు. ఎవడో ఒకడు దొరక్కపోతే ఆ ఎవడో ఒకడు నేనే అవుతాను."

"ఇది అందరూ కలిసి రాసే పుస్తకమండి. రాసినవాళ్లొకరు, చూసి కొట్టినవాళ్లు పదిమంది. ఒక్కళ్ల పేరు చెబితే అది న్యాయం కాదు."

"తిలాపాపం తలా పిడికెడు అంటే మాకు కుదరదమ్మా. అందరిదీ అంటే ఎవరిదీ కాదనేగా?" అన్నారాయన. "పేరు చెప్పండి, చెప్పకపోతే ఇవాళ్టినుంచి దీంట్లో మీ ఆఫీసు తప్ప ఎవరూ వేలు పెట్టకుండా తాళం వేయండి. మా కేంద్రాలవాళ్లు చదూకుంటారు, అంతవరకే."

"నానీ, చరిత్ర తెరువు," అన్నారు రామతులసిగారు.

వికీలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో వరసగా చూపిస్తుంది. నాని మౌసు మీద చెయ్యి పెట్టి ఫిర్దౌస్ వంక చూశాడు. ఆమె తల ఊపలేదు, వద్దనీ అనలేదు. యజమానురాలు చెప్పాక పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? నొక్కాడు.

తెర మీద ఈమధ్య జరిగిన మార్పులు మూడు వరసలుగా వచ్చాయి. పైది ఫిర్దౌస్ సోమవారం తప్పు దిద్దినది. అడుగుది బాలశౌరిది, అంతకు ముందటి మంగళవారం మధ్యాహ్నం మూడుంబావుకి: "99999 పనిచేయడం లేదు. పనిచేసే నంబరు పెట్టాను." ఈ రెండూ ఫిర్దౌస్‌కి తెలిసినవే. నిన్న కంగారులో తను పోల్చి చూసింది ఈ రెండింటినే. మధ్యలో ఇంకో వరస ఉంది.

"బుధవారం, ఉదయం 10.05. ఫిర్దౌస్. బొమ్మ కుడివైపుకు జరిపాను."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ బుధవారం పేజీ తెరిచినప్పుడు తెర బొమ్మ అక్షరాల మీదికి ఎక్కి కూర్చుని చికాకు పెట్టింది. దాన్ని కుడివైపుకు జరిపి, అందం చూసుకుని, మూసేసింది. 1142 ఉన్న వాక్యం ఆ బొమ్మ పక్కనే ఉంది. చదవలేదు. ఇంకొకరు చూసి సరిచేస్తారని బాలశౌరికి మాటిచ్చింది తను. ఆ ఇంకొకరు తనే. వచ్చింది, బొమ్మ జరిపింది, పోయింది. అప్పటికి ఒక్క ఆర్డరు కూడా తీయలేదు. ఆ పూట ఒక్క వాక్యం చదివి ఉంటే ఇవాళ ఎవరికీ ఎవరి పేరూ అవసరమయ్యేది కాదు. ఫిర్దౌస్‌కి సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గు. రాత్రి అంత బాగా నిద్రపోయినందుకు కూడా సిగ్గేసింది.

వెంకటసుబ్బారావుగారు కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగారు. ఆయన వేలు అడుగు వరస దగ్గర ఆగింది.

"బాలశౌరా! గరికమూడి పిల్లోడేనా?"

"ఆ పేరు కాదండీ, దానిపైది చదవండి," అంది ఫిర్దౌస్. "అతను మంగళవారం రాశాడు. రాసిందాన్ని చూడ్డం నా ఉద్యోగం. నేను మర్నాడు పొద్దున పేజీ తెరిచాను, బొమ్మ సర్దాను, అక్షరం చదవలేదు. మీకు కావాల్సిన పేరు నాది. రాసుకోండి."

"ఫిర్దౌస్, తొందరపడి మాట్లాడకు," అన్నారు రామతులసిగారు.

"నిన్న తొందరపడ్డాను మేడమ్. ఇవాళ చూసే మాట్లాడుతున్నాను."

వెంకటసుబ్బారావుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఈ ఉద్యోగంలో ఆయన తప్పించుకునేవాళ్లను చాలామందిని చూసి ఉంటారు. ఇలా ఎదురొచ్చినవాళ్లు తక్కువ. చివరికి జేబులోంచి పెన్ను తీశారు.

"లెటరు మీ కంపెనీ పేరు మీద కావాలి మేడమ్. ఈ అమ్మాయిని మా పనినుంచి తప్పించామని ఉండాలి. గేటు దగ్గర చదివి వినిపిస్తాను."

"బాలశౌరి పేరు రాదు గదండీ?" అని అడిగింది ఫిర్దౌస్.

"రాదు."

"తాళం?"

"మనిషి దొరికాక తాళం దేనికమ్మా!"

బేరం కుదిరింది. బేరంలో పోయింది ఆమె మూడేళ్ల పని. అయినా ఆ నిమిషంలో ఆమెకు మనసు తేలికపడింది. మధురిమ పుస్తకం తను రాయకపోయినా తొమ్మిది కేంద్రాలవాళ్లూ రాస్తూనే ఉంటారు. బాలశౌరి తన బల్ల దగ్గర కూర్చునే ఉంటాడు. రామతులసిగారు మొహం గంటు పెట్టుకుని లెటరు టైపు చేయడం మొదలుపెట్టారు. రెండు చోట్ల తప్పు కొట్టి మళ్లీ దిద్దారు. ఆవిడకు ఫిర్దౌస్ అంటే ఎంత ఇష్టమో ఎప్పుడూ నోటితో చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"చరిత్ర పేజీ కూడా లెటరుకి జత చేయండి, మధ్య వరస మాత్రం కనిపించేట్టు," అన్నారు వెంకటసుబ్బారావుగారు. ప్రింటు తీయబోతూ నాని పేజీని మళ్లీ ఒకసారి తెరిచాడు.

"అక్కా! నాలుగు వరసలున్నాయి."

అన్నిటికన్నా పైన కొత్త వరస. "బాలశౌరి. ఈరోజు, 11.42. జరిగింది రాశాను."

నాని పేజీలోకి వెళ్లాడు. కటింగ్ ఆర్డరు ఎలా తీయాలో చెప్పే మొదటి వాక్యానికి పైన, లావు అక్షరాల్లో ఉంది.

"రైతులకు మనవి. ఈ పేజీలో 1142 అని రాసింది నేను. అది శౌరయ్యగారి నంబరు. ఆయనకు ఈ సంగతి తెలియదు, ఆయన్ని ఏమీ అనవద్దు. మీ ఆర్డర్లు తప్పిపోవడానికి కారణం నేనే. ఇంకెవరో సరిచేస్తారని కూర్చోవడం బాగుండదని నేనే రాస్తున్నాను. కె. బాలశౌరి, గరికమూడి కేంద్రం."

వెంకటసుబ్బారావుగారు పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నారు.

"తీసెయ్ నానీ. ఎవరూ చూడకముందే తీసెయ్," అన్నారు రామతులసిగారు.

నాని చెయ్యి 'మార్చు' మీదికి వెళ్లింది. "ఆగు," అంది ఫిర్దౌస్. ఎందుకు ఆగమందో ఆమెకే తెలియదు. ఆ మాటల్లో తీసేయాల్సిన అబద్ధం ఒక్కటీ లేదు. అయినా తీసేయకపోతే అతను మునుగుతాడు. అంతలో ఆమె సెల్లు మోగింది. గరికమూడినుంచి సంపూర్ణమ్మ.

"అమ్మా ఫిర్దౌస్! పేజీ మారిందని ప్రింటు తీసి గోడకి అంటించానమ్మా. మీరు చెప్పిందేగా, మారినప్పుడల్లా రైతులకి కనపడేట్టు బయట అంటించమని. నేను చదవలేదు తల్లీ. ఎప్పట్లాగే తీశాను, జిగురు రాశాను, అంటించాను."

"తీసేయండి సంపూర్ణమ్మగారూ. ఇప్పుడే వెళ్లి చింపేయండి."

"ఎట్టా చింపేదమ్మా! దాని చుట్టూ పదిహేనుమంది ఉన్నారు. ఆర్డర్లు రానోళ్లే అంతా. ఒకాయన పెద్దగా చదువుతున్నాడు, మిగతావాళ్లు వింటున్నారు. బాలశౌరి నా మాట వినకుండా బయటికి పోబోతుంటే సామాన్ల గదిలోకి నెట్టి గడియ పెట్టాను. ఇప్పుడు లోపలికొచ్చేశారు. ఆ తలుపు కొడుతున్నారు. ఏం చెప్పమంటారు?"

ఆవిడ మాటల వెనక చెక్క మీద గుద్దుతున్న చప్పుడు ఆఫీసులో అందరికీ వినిపించింది.

"ఫోనిలా ఇవ్వమ్మా," అన్నారు వెంకటసుబ్బారావుగారు చెయ్యి చాపి. "వాళ్లు మా రైతులు. నేను మాట్లాడతాను."

ఫిర్దౌస్ ఆయన వంక చూసింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ నిన్నటినుంచీ ఆయన వెతుకుతున్న మనిషి ఇప్పుడు సంతకంతో సహా గోడ మీద దొరికాడు. ఆయన ఆ రైతులతో మాట్లాడితే ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు. ఆమె ఫోను ఇవ్వలేదు.

"సంపూర్ణమ్మగారూ, ఆ చదివినాయన చేతికి ఫోనివ్వండి."

"ఆయనకా? కోపంగా ఉన్నాడమ్మా."

"ఇవ్వండి."

ఫోను చేతులు మారింది. అవతల ఎవరో ఎవరినో ఆగమని కసిరారు. తలుపు చప్పుడు ఆగింది. గరగరలాడే మగ గొంతు వచ్చింది.

"ఎవరు మాట్లాడేది?"

"ఆ పుస్తకం రాసింది నేనండి," అంది ఫిర్దౌస్.

రామతులసిగారు కుర్చీలోంచి లేచారు. అవతల ఆ గొంతు అక్కడున్నవాళ్లకు కూడా వినపడేట్టు నెమ్మదిగా, స్పష్టంగా పలికింది.

"అయితే నువ్వే ఇక్కడికొచ్చి మాకు చదివి చెప్పు తల్లీ. మొదటి పేజీనుంచి చెప్పు. నువ్వొచ్చేదాకా ఈ పిల్లోడు మా దగ్గరే ఉంటాడు. ఫ్యాక్టరీవాళ్లెవరూ నీతో రాకూడదు."